మీటరు ఏం చెబుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో ఒక పల్లెటూరు. అందులో ఒక ఇల్లు అనుకోండి. ఆ ఇంటికి ప్రతి నెలా కరెంటు బిల్లు రెండు వందలకు అటూ ఇటూగా వచ్చేది. ఒక నెల రెండు వేల ఎనిమిది వందలు దాటి వచ్చింది. ఆ ఇల్లాలి గుండె గుభేలుమంది. ఇంట్లో ఉన్నవి మూడు బల్బులు, రెండు ఫ్యానులు, ఒక టీవీ. కొత్తగా కొన్నది ఏమీ లేదు.

"కరెంటు రేటు పెంచారేమో" అన్నారు పక్కింటివాళ్లు. "కట్టక ఏం చేస్తాం? కట్టకపోతే కరెంటు తీసేస్తారు" అన్నాడు ఇంటాయన.

ఆమె ఈ మధ్యనే చదువు నేర్చుకుంది. బిల్లు పట్టుకుని మీటరు దగ్గరికి వెళ్లింది. తప్పు ఎక్కడ ఉందో తనే కనిపెట్టింది. ఎట్లా కనిపెట్టింది? తెలుసుకుందాం.

యూనిటు అంటే ఏమిటి?

బియ్యాన్ని కిలోల్లో కొలుస్తారు. పాలను లీటర్లలో కొలుస్తారు. కరెంటును యూనిట్లలో కొలుస్తారు.

బల్బు మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. 100 వాట్ల బల్బు 10 గంటలు వెలిగితే 1 యూనిటు కాలుతుంది. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగిందనుకోండి. నెలకు 9 యూనిట్లు అవుతుంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అంతసేపూ వెలిగితే ఒకటిన్నర యూనిటు కూడా కాదు.

మీటరు ఎలా మారింది?

పాత మీటరులో ఒక చక్రం తిరిగేది. కరెంటు ఎక్కువ వాడితే చక్రం గబగబా తిరిగేది. ఇప్పుడు చాలా ఇళ్లలో చక్రం లేదు. అంకెలు వెలిగే డిజిటల్ మీటరు ఉంది. చిన్న వాడకాన్ని కూడా ఇది బాగా లెక్కపెడుతుంది. రిమోటుతో ఆపిన టీవీ కూడా కొద్దిగా కరెంటు తింటుంది. స్విచ్చి ఆపితేనే పూర్తిగా ఆగుతుంది.

బిల్లు తీసే పద్ధతి కూడా మారింది. బిల్లు తీసే మనిషి చేతి మిషన్ తెస్తాడు. మీటరు అంకె అందులో కొడతాడు. అక్కడికక్కడే బిల్లు వస్తుంది. కొన్ని మీటర్ల నుంచి మిషనే అంకెను తీసుకుంటుంది. చేత్తో కొట్టే పని లేదు.

కరెంటు కంపెనీలకు ఈ లెక్క ఎందుకు? పాల కేంద్రం సంగతి చూడండి. క్యానులో ఎన్ని పాలు పోశారు, ఎన్ని అమ్మారు అని లెక్క చూస్తారు. తేడా వస్తే పాలు ఒలికాయో, ఎవరన్నా తీశారో వెతుకుతారు. కరెంటుకూ అంతే. ఊరికి వచ్చే లైనుకు ఒక మీటరు పెడతారు. ఇళ్ల మీటర్లన్నీ కలిపి దానితో సరిచూస్తారు. నష్టం ఎక్కడ ఉందో, దొంగ కరెంటు ఎక్కడ ఉందో దీనివల్ల తెలుస్తుంది.

ఇప్పుడు స్మార్ట్ మీటర్లు కూడా వచ్చాయి. ఇవి అంకెను తామే ఆఫీసుకు పంపుతాయి. దేశంలో 25 కోట్ల ఇలాంటి మీటర్లు పెట్టాలని కేంద్ర ప్రభుత్వం 2021లో పథకం తెచ్చింది. ఫోనుకు వేసినట్టు ముందే డబ్బు వేసుకునే పద్ధతి ఇందులో ఉంది. ఏ మీటరైనా సరే, అంకె చదవడం ఇంటివాళ్లకు రావాలి.

ఆమె ఏం చేసింది?

డిజిటల్ మీటరులో తేదీ, టైము, యూనిట్లు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. యూనిట్ల అంకె ఏదో ఎలా తెలుస్తుంది? పోయిన నెల బిల్లులో ఉన్న రీడింగు చూడాలి. దానికన్నా కాస్త పెద్ద అంకె మీటరులో వస్తుంది. అదే యూనిట్ల అంకె. అది రోజురోజుకూ పెరుగుతుంది. తగ్గదు.

బిల్లు వచ్చిన రోజే ఆమె చూసింది. మీటరులో 1,482 ఉంది. బిల్లులో 1,842 ఉంది. 4, 8 తారుమారయ్యాయి! పోయిన నెల రీడింగు 1,410.

అసలు లెక్క: 1,482 - 1,410 = 72 యూనిట్లు.
బిల్లు లెక్క: 1,842 - 1,410 = 432 యూనిట్లు.

వాడకం పెరిగిన కొద్దీ యూనిటు రేటు కూడా పెరుగుతుంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పెట్టిన రేట్లు చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. ఈ లెక్కన 72 యూనిట్లకు 183 రూపాయలు. 432 యూనిట్లకు 2,860 రూపాయలు. ఇతర చార్జీలు వీటికి అదనం. రెండు అంకెలు తారుమారైతే ఎంత భారమో చూశారా?

తెలంగాణలో 2024లో గృహజ్యోతి పథకం మొదలైంది. అర్హత ఉన్న ఇంటికి 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 200 దాటితే బిల్లు కట్టాలి. అక్కడా మీటరు మీద ఒక కన్ను ఉండాలి.

తప్పు బిల్లు వస్తే ఏం చేయాలి?

మీటరు అంకెను ఫోనులో ఫొటో తీయాలి. 1912 నంబరుకు ఫోను చేయాలి. ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. కరెంటు ఆఫీసులో కాగితం రాసి ఇవ్వాలి. అక్కడ పని కాకపోతే ఫిర్యాదుల వేదిక ఉంటుంది. ప్రతి కరెంటు పంపిణీ కంపెనీ దీన్ని పెట్టాలని 2003 విద్యుత్ చట్టం చెబుతోంది.

మీటరును కంటితో చూస్తే చాలు. మూత తీయరాదు. వైర్లు ముట్టుకోరాదు.

ఆ ఇల్లాలు ఇప్పుడు ప్రతి నెలా క్యాలెండరు మీద మీటరు అంకె రాసి పెడుతోంది. బిల్లు రాగానే పక్కన పెట్టి చూస్తోంది.

చేసి చూడండి

1. మీ మీటరులో ఈ రోజు అంకె ఎంత? తేదీ వేసి రాయండి.
2. పోయిన నెల 2,315. ఈ నెల 2,391. ఎన్ని యూనిట్లు కాలాయి?
3. మీ ఇంట్లో బల్బులు ఎన్ని వాట్లవి? చదివి రాయండి.