టోర్కోల్: ఎవరూ పట్టించుకోని బొగ్గు తాబేలు మీద నా ప్రేమ

పోకెమాన్‌లో మీ ఫేవరెట్ ఏది అంటే అందరూ పికాచు, చారిజార్డ్, మ్యూటూ అంటారు. నేను టోర్కోల్ అంటే "అదేంటి?" అని అడుగుతారు.

2002లో రూబీ, సఫైర్ గేమ్‌లతో వచ్చిన ఫైర్ టైప్ తాబేలు ఇది. నంబర్ 324. డొప్పలో బొగ్గు మండించుకుంటుంది, పైనుంచి పొగ వదులుతుంది. ఎత్తు అర మీటరే, బరువు మాత్రం 80.4 కిలోలు. ఎవాల్వ్ అవ్వదు. డిఫెన్స్ 140 ఉన్నా స్పీడ్ 20 దగ్గరే ఆగిపోయింది. అందుకే చాలామంది పక్కన పెట్టేశారు.

మాది చోడవరం. 2016 డిసెంబర్‌లో జియోతో కలిసి పోకెమాన్ గో ఇండియాకి వచ్చేనాటికి మేం ఇంకా విశాఖ జిల్లాలోనే ఉన్నాం. ఈ గేమ్‌లో సిటీ వాళ్లదే రాజ్యం. పోకెస్టాప్‌లు చాలావరకు నయాంటిక్ పాత గేమ్ ఇంగ్రెస్ లొకేషన్ల నుంచి వచ్చాయి. అది ఆడినవాళ్లు లేని ఊళ్లలో స్టాప్‌లూ తక్కువే, బాల్స్‌కీ కరువే.

నా మొదటి టోర్కోల్ గోవాడ షుగర్ ఫ్యాక్టరీ దారిలో దొరికింది. క్రషింగ్ సీజన్, రోడ్డంతా చెరకు ట్రాక్టర్లు. ఎదురుగా ఫ్యాక్టరీ గొట్టం పొగ, ఫోన్‌లో దీని పొగ! నవ్వొచ్చి దాన్ని ఉంచుకున్నాను. తర్వాత దొరికినవన్నీ ఎందుకూ పనికిరావని ప్రొఫెసర్‌కి పంపేశాను.

ఓ రోజు డల్లాస్ నుంచి బావ ఫోన్ చేశాడు. "ఒరేయ్, టోర్కోల్ ఇక్కడ దొరకదురా. నీ దగ్గరుందా?" అప్పుడు తెలిసింది, అది మన ప్రాంతానికే పరిమితమైన రీజినల్ అని!

అప్పట్లో ట్రేడ్ చేయాలంటే ఇద్దరూ దగ్గర్లోనే ఉండాల్సి వచ్చేది. 2019 సంక్రాంతికి బావ వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాం. ఫ్రెండ్‌షిప్ ఇంకా మొదటి లెవెల్‌లోనే ఉంది, కాబట్టి ఖర్చు 20,000 స్టార్‌డస్ట్. మా ఊళ్లో అది కూడబెట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో నాకే తెలుసు. పైగా నా దగ్గర మిగిలింది ఆ ఒక్కటే. ఇవ్వబుద్ధి కాలేదు. కానీ బావ మొహం చూశాక కన్ఫర్మ్ నొక్కేశాను. బదులుగా నార్త్ అమెరికాలోనే దొరికే టారోస్ ఇచ్చాడు.

మెయిన్ గేమ్స్‌లో అయితే దీని రోజు ముందే వచ్చింది. 2016లో సన్, మూన్ గేమ్‌లలో దీనికి డ్రౌట్ ఎబిలిటీ ఇచ్చారు. బరిలోకి దిగగానే ఎండ కాస్తుంది, ఫైర్ మూవ్స్‌కి ఒకటిన్నర రెట్లు బలం. ట్రిక్ రూమ్ వేస్తే స్లోగా ఉన్నవాళ్లదే ముందు వంతు. హెచ్‌పీ ఫుల్‌గా ఉంటే ఎరప్షన్ పవర్ 150. మనం తిట్టుకున్న ఆ 20 స్పీడే అక్కడ ఆయుధం.

బావ వెళ్లాక మళ్లీ గోవాడ రోడ్డు పట్టాను. రెండో వారంలో ఇంకోటి దొరికింది. చాలా వీక్. అయినా పేరు పక్కన స్టార్ పెట్టాను. ఈసారి ప్రొఫెసర్‌కి పంపేది లేదు.