చిన్న కారు – లీటరు లెక్క

మన దేశంలో మధ్యతరగతి గృహస్థుని వాకిటికి కారును తెచ్చిన ఘనత మారుతి 800కు చెందుతుంది. 1983 డిసెంబరులో తొలి వాహనం రోడ్డు మీదికి వచ్చింది. 2014 జనవరిలో దాని ఉత్పత్తి ఆగిపోయింది. అయినప్పటికీ మన టౌన్‌షిప్ వీధులలో ఉదయం షిఫ్టు వేళ నిలబడి చూస్తే, రంగు వెలిసిన ఈ చిన్న కార్లు నేటికీ కనిపిస్తూనే ఉంటాయి. మూడు సిలిండర్లు, 796 సి.సి. ఇంజను, 12 అంగుళాల చక్రాలు, సుమారు 650 కిలోల బరువు – ఇంతే ఆ వాహనం. ఇంత అల్పమైన యంత్రం నుండి ఇంకా ఎన్ని కిలోమీటర్లు రాబట్టవచ్చుననే ప్రశ్న మెకానికల్ విభాగంలో పనిచేసే మా ముగ్గురికీ చాలాకాలంగా ఉన్నదే. పదవీ విరమణకు దగ్గరపడిన సహోద్యోగి ఒకరు, పెట్రోలు ధర లీటరుకు నూరు రూపాయలు దాటిన తరువాత, ‘‘ఈ కారును ఉంచుకోవాలా, అమ్ముకోవాలా?’’ అని మమ్మల్ని అడగడంతో ఆ ప్రశ్నకు సమాధానం వెతకవలసి వచ్చింది. వారు రోజుకు నలభై కిలోమీటర్లు తిరుగుతారు. ఇంట్లో నడవలేని తల్లిగారున్నారు. నెలకు రెండు పర్యాయాలు ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. స్కూటరు ఆ ఇంటికి సరిపోదు.

ముందుగా ఒక చిన్న గణితం. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. కారు లీటరుకు 20 కిలోమీటర్లు నడిచిందనుకుంటే, కిలోమీటరుకు 1600 కిలోజౌళ్లు ఖర్చయినట్లు. ఇద్దరు మనుషులతో 800 కిలోలు తూగే ఈ కారును సమతలమైన రోడ్డుపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో నడపడానికి టైర్ల నిరోధం, గాలి నిరోధం కలిసి మా అంచనా ప్రకారం 200 న్యూటన్లకు మించవు. అంటే కిలోమీటరుకు 200 కిలోజౌళ్లు. మనం పోసిన పెట్రోలులో చక్రాలకు చేరేది ఎనిమిదో వంతు మాత్రమే! మిగిలినది రేడియేటరులో, సైలెన్సరులో, ఇంజను ఘర్షణలో వేడిగా మారి పోతున్నది. ఊరి ట్రాఫిక్‌లోనైతే బ్రేకులు కూడా తమ వాటా తీసుకుంటాయి.

ఈ లెక్కలో ఇంకొక సంగతి ఇమిడి ఉంది. చక్రాల వద్ద కావలసిన బలం ఇంత స్వల్పం కాబట్టే, అక్కడ ఏర్పడే చిన్న అడ్డంకి కూడా పెద్దదవుతుంది. వెనుక బ్రేకు డ్రమ్ములో లైనింగు కొద్దిగా రాసుకుని 30 న్యూటన్లు, అనగా మూడు కిలోల బరువంత పట్టు పట్టినా, కారు మోయవలసిన భారం 15 శాతం పెరుగుతుంది. కనుక ఇంజనుపై చేయి వేయడానికి ముందు మేము చక్రాల సంగతి చూశాము. కారును జాకీపై లేపి ఒక్కొక్క చక్రాన్ని చేతితో తిప్పాము. ఎడమవైపు వెనుక చక్రం ఒక చుట్టు కూడా పూర్తిగా తిరగలేదు. హ్యాండు బ్రేకు కేబులు తుప్పు పట్టి, లివరు దించినా వెనక్కు రావడం లేదు. పది కిలోమీటర్లు నడిపి ఆగిన తరువాత చక్రం మధ్యభాగానికి చేయి దగ్గరగా పెట్టి చూసినా ఈ లోపం తెలిసిపోతుంది. నాలుగింటిలో ఒకటి మాత్రమే వేడిగా ఉంటే కారణం వెతకవలసిందే. కేబులు మార్చి, బ్రేకులు సరిచేసి, టైర్లలో తయారీదారు పుస్తకంలో చెప్పిన మేరకు గాలి పట్టించాము. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి.

పాఠకులు ఇక్కడ ఒక ఆక్షేపణ చేయవచ్చు: ‘‘ఇది మరమ్మతే గాని మార్పు ఎలా అవుతుంది?’’ నిజమే. అయితే పాత కారు చాలామంది చేతులలో చాలా మార్పులకు అప్పటికే లోనై ఉంటుంది. మా అనుభవంలో మైలేజీని పెంచిన పనులలో ఎక్కువ భాగం, ఇతరులు చేసిన మార్పులను తొలగించడమే. ఈ కారుకు ఎవరో వెడల్పైన టైర్లు వేశారు. అవి చూపుకు బాగుంటాయి. బరువు, నిరోధం మాత్రం పెంచుతాయి. పైకప్పు మీద ఖాళీ క్యారియరు ఏళ్ల తరబడి గాలిని చీల్చుతూ ఉండిపోయింది. అన్నిటికంటె విచిత్రం థర్మోస్టాటు. దానిని పీకి పారవేశారు. మన ప్రాంతపు మెకానిక్కులలో ఇది పాత అలవాటు. ‘‘ఎండల దేశంలో దీనితో పనేమిటి సార్, తీసేస్తే ఇంజను చల్లగా ఉంటుంది’’ అంటారు. చల్లగా ఉండడమే ఇబ్బంది. ఇంజను తగిన ఉష్ణోగ్రతకు త్వరగా చేరకపోతే పెట్రోలు సరిగా ఆవిరి కాదు, ఆయిలు చిక్కగా ఉండి ఘర్షణ పెరుగుతుంది. నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణాలు చేసేవారికైతే ఇంజను వేడెక్కకముందే గమ్యం వచ్చేస్తుంది. కొత్త థర్మోస్టాటు అమర్చాము. రేడియేటరు శుభ్రంగా ఉండి, ఫ్యాను సరిగా పనిచేస్తుంటే ఎంత ఎండలోనైనా భయపడనక్కరలేదు.

ఇక కార్బురేటరు. ఔత్సాహికులు మొట్టమొదట చేయి పెట్టేది దీని మీదనే. మెయిన్ జెట్టు మార్చి చిన్నది వేస్తే పెట్రోలు తక్కువ పోతుందనేది వారి తర్కం. పెట్రోలు సంపూర్ణంగా మండడానికి బరువులో దానికి సుమారు 14.7 రెట్ల గాలి కావాలి. పొదుపు కోసం ఆ పాళ్లను కొంచెం పలుచన చేయవచ్చునేగాని, అది దాటితే మిశ్రమం సరిగా అంటుకోదు, ఇంజను బలం తగ్గుతుంది. నడిపేవాడు తెలియకుండానే యాక్సిలరేటరు మరింత తొక్కుతాడు. మిగిల్చినది అక్కడే పోతుంది. అంతకుమించి, పలుచని మిశ్రమంతో బరువు లాగితే ఎగ్జాస్టు వాల్వులు కాలిపోయే ప్రమాదముంది. కాబట్టి జెట్టుల జోలికి పోలేదు. కార్బురేటరును విప్పి శుభ్రపరిచి, చోక్ పూర్తిగా తెరుచుకుంటున్నదో లేదో చూసి, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్చి, ఇగ్నిషన్ టైమింగు సరిచేశాము. సగం మూసుకుని ఇరుక్కుపోయిన చోక్ ఎంత పెట్రోలు తాగుతుందో, నల్లబడిన ప్లగ్గులను చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

బజారులో అమ్మే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రలు, గాలిని సుడి తిప్పే రేకులు – వీటి గురించి చాలామంది అడిగారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇటువంటి సాధనాలను నూటికి పైగా పరిశీలించి, ఏ కొద్దింటిలోనో స్వల్ప ప్రయోజనం ఉన్నదని తేల్చింది. మా సలహా కూడా అదే: ఆ డబ్బుతో నాలుగు చక్రాల అలైన్‌మెంటు చేయించుకోండి.

చేసిన పనికి ఫలితమెంతో తెలియాలంటే కొలత సక్రమంగా ఉండాలి. ‘‘నా బండి ఇరవై ఇస్తుంది’’ అనే మాటకు తూకం లేదు. ఒకే బంకులో, కారును ఒకే చోట ఒకే వాలుకు నిలిపి, ట్యాంకు ఒకే మట్టానికి నింపి, కనీసం మూడు పర్యాయాల సగటు తీయాలి. కిలోమీటరు మీటరును కూడా నమ్మరాదు. ఈ కారు అసలు టైరు వ్యాసం సుమారు 508 మిల్లీమీటర్లు. దాని ట్రెడ్డు ఆరు మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం పన్నెండు తగ్గుతుంది. అంటే మీటరు రెండు శాతానికి పైగా ఎక్కువ చూపుతుంది. అరిగిన టైర్లతో మైలేజీ ‘పెరగడం’ వెనుక రహస్యమిదే! జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లతో సరిచూసుకుని మేము ఈ తేడాను దిద్దుకున్నాము. ఆ పద్ధతిలో చూడగా పనులకు ముందు లీటరుకు 14, తరువాత 17.5 కిలోమీటర్లు వచ్చాయి. నెలకు వెయ్యి కిలోమీటర్ల మీద ఆదా సుమారు 14 లీటర్లు. మన సహోద్యోగి కారును అమ్మలేదు.

ఇందులో నడిపే తీరు వాటా కూడా ఉంది. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. 60 నుండి 80కి పోతే ఆ నిరోధం 1.78 రెట్లవుతుంది. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రిసెర్చ్ అసోసియేషన్ ఏనాటి నుండో చెబుతున్న మాట – గంటకు 80 కిలోమీటర్ల కంటె 45–55 మధ్య నడిపితే 40 శాతం వరకు ఎక్కువ దూరం పోవచ్చునని – ఈ సూత్రానికి అనుగుణంగానే ఉంది. అయితే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజను ఆపివేసే అలవాటును మాత్రం గట్టిగా ఖండించవలసి ఉంది. బ్రేకుకు బలమిచ్చే సర్వో ఉన్న కార్లలో దానిని పనిచేయించేది ఇంజను వాక్యూమే. ఇంజను ఆగితే రెండు మూడు తొక్కుళ్ల తరువాత పెడలు రాయిలా బిగుసుకుంటుంది. తాళం పూర్తిగా తిప్పితే స్టీరింగు లాకయ్యే ప్రమాదమూ ఉంది. పెట్రోలు ఇంజెక్షను గల కార్లలోనైతే ఈ సాహసం వల్ల కలిసి వచ్చేది కూడా ఏమీ లేదు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంజెక్టర్లు తమంతట తామే పెట్రోలు ఆపివేస్తాయి. న్యూట్రలులో మాత్రం ఐడిలింగుకు కావలసినంత పోస్తూనే ఉంటాయి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని స్పష్టపరిచింది. గ్యాసు కిట్టు అమర్చుకోదలచినవారు ఆమోదం పొందిన కిట్టునే తీసుకుని, రిజిస్ట్రేషను పుస్తకంలో నమోదు చేయించుకోవాలి. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషను పునరుద్ధరణ వేళ తనిఖీ ఎలాగూ తప్పదు.

చివరగా, పాతరోజుల మైలేజీతో పోల్చి నిరాశపడేవారికి ఒక సంగతి. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే సాధారణమైంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కంటె దాదాపు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. ఆ లెక్కన మిశ్రమంలోనే ఆరేడు శాతం తగ్గింది. అది కారు తప్పు కాదు. పాత రబ్బరు పైపులు, కార్బురేటరు డయాఫ్రాములు ఇథనాల్‌కు ఉబ్బి పగలవచ్చు. ఈ కారుకు పెట్రోలు పైపులన్నీ మార్చివేశాము. డయాఫ్రాము పరీక్షించవలసి ఉంది. వచ్చే సర్వీసింగులో అది విప్పి చూస్తాము.