పోల్టావా యుద్ధం: ఓడిన రాజుకు దొరికిన ఆశ్రయం

1709 జూలై 8న ఇప్పటి ఉక్రెయిన్‌లోని పోల్టావా వద్ద జరిగిన యుద్ధం ఐరోపా చరిత్రను మలుపు తిప్పింది. ఉత్తర ఐరోపాలో తిరుగులేనిదని పేరుపొందిన స్వీడన్ సైన్యాన్ని రష్యా జార్ మొదటి పీటర్ సేనలు చిత్తుగా ఓడించాయి. కొద్ది రోజుల ముందే పాదానికి తూటా తగలడంతో స్వీడన్ రాజు పన్నెండవ చార్లెస్ ఆనాడు స్వయంగా సేనను నడపలేకపోయాడు. మూడు రోజుల్లో మిగిలిన సైన్యమూ లొంగిపోయింది. 1721 సంధితో బాల్టిక్ తీరంపై స్వీడన్ ఆధిపత్యం ముగిసి, రష్యా మహాశక్తిగా నిలిచింది.

ఇది అందరికీ తెలిసిన ఫలితం. మరి ఓడిన రాజు ఏమయ్యాడు?

గాయపడిన చార్లెస్ కొద్దిపాటి పరివారంతో నీపర్ నది దాటి ఉస్మానియా సామ్రాజ్యాన్ని ఆశ్రయించాడు. సుల్తాన్ మూడవ అహ్మద్ అతనికి బెండర్ పట్టణం వద్ద చోటిచ్చి, ఖర్చులకు భత్యం ఏర్పాటు చేశాడు. అతన్ని పంపివేయమని రష్యా ఒత్తిడి తెచ్చినా తొందరపడలేదు. రష్యాను అదుపులో ఉంచాలన్న రాజకీయం ఇందులో లేకపోలేదు. అయినా పరమతస్థుడైన ఆ రాజు అయిదేళ్లు అక్కడి అన్నమే తిన్నాడన్నది నిజం.

ఆతిథ్యం సాగినకొద్దీ బరువైంది. భత్యం చాలక రాజు అప్పులు చేశాడు, వెళ్లమన్నా కదలలేదు. చివరకు 1713 ఫిబ్రవరిలో ఉస్మానియా సైనికులు అతని విడిదిని ముట్టడించారు. ఘర్షణ జరిగినా అతన్ని ప్రాణాలతో పట్టుకుని, మరుసటి ఏడు స్వదేశానికి సాగనంపారు. టర్కీ భాషలో గుంపు అనే అర్థమున్న 'కలబాలిక్' అన్న మాట ఆ ఘటనతోనే గందరగోళమనే అర్థంలో స్వీడిష్ భాషలో స్థిరపడింది.

అప్పిచ్చినవారు బాకీ వసూలుకు స్వీడన్ వరకు వెళ్లారు. 1718లో రాజు మరణించాక కూడా ఆ బాకీ తేలడానికి ఏళ్లు పట్టింది. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండే స్వీడన్ వంటకం 'కోల్‌డోల్మర్' మూలం టర్కీ దోల్మాయే. కాజ్సా వార్గ్ వంటల పుస్తకంలోనే దోల్మా కనిపిస్తుంది.

పోల్టావాలో గెలిచిన సామ్రాజ్యం నేడు లేదు, ఆశ్రయమిచ్చిన సామ్రాజ్యమూ లేదు. ఒక మాట, ఒక వంటకం మాత్రం మిగిలాయి. ఆశ్రయమివ్వడానికి ఒక్కరోజు దయ చాలు. దాన్ని నిలబెట్టడానికి ఏళ్ల తరబడి ఓర్పు, ధనం, పద్ధతైన లెక్క కావాలి. సాయం చేసే చేతులన్నీ గుర్తుంచుకోవలసిన పాఠమిది.