అందాల చేప... అట్లాంటిక్‌కు తిప్పలు

ఉద్యోగం మారిందంటే అమెరికాలో మనవాళ్లకు ఊరు మారడం మామూలే. సోఫాలు, మంచాలు అమ్మేస్తాం. మరి పిల్లలు ముచ్చటపడి కొనిపించుకున్న అక్వేరియం చేపల సంగతేంటి? 'పాపం, ఎక్కడో బతుకుతాయిలే' అని దగ్గర్లోని చెరువులోనో, సముద్రంలోనో వదిలేయాలనిపిస్తుంది. ఆ జాలి ఎంత పని చేస్తుందో లయన్‌ఫిష్‌ను చూస్తే తెలుస్తుంది.

ఒంటినిండా ఎర్రటి, తెల్లటి చారలు, సింహం జూలులాంటి రెక్కలు. చూడ్డానికి ముచ్చటగా ఉండే ఈ చేప పుట్టిల్లు మన హిందూ మహాసముద్రం, పసిఫిక్. అట్లాంటిక్‌లో ఒకప్పుడు లేనే లేదు. 1985లో ఫ్లోరిడాలోని డానియా బీచ్ దగ్గర కనిపించింది. ఎవరో అక్వేరియంలోంచి తెచ్చి వదిలి ఉంటారన్నది శాస్త్రవేత్తల మాట. 2000లో నార్త్ కరోలినాలో, 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో తేలింది. కరీబియన్ దీవులనూ చుట్టేసింది.

ఒక్క ఆడచేప ఏడాదికి 20 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు, పిల్లలు ప్రవాహంలో పడి వందల మైళ్లు పోతాయి. అక్కడ దీన్ని తినే చేపలు చాలా తక్కువ. ఇది మాత్రం చిన్న చేపల్ని గుటుక్కున మింగేస్తుంది. బహమాస్ పగడపు దిబ్బలపై జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. లయన్‌ఫిష్ చేరిన దిబ్బల్లో 5 వారాలకే కొత్తగా వచ్చే స్థానిక చేపపిల్లలు 79 శాతం తగ్గాయట!

ఇది ఎక్కడిదాకా పాకుతుందో ఎలా చెప్తారు? నీరు సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబడితే ఇది బతకదు. ఈ లెక్కకు ప్రవాహాల దారిని జోడించి అంచనా వేస్తారు. వేసవిలో న్యూయార్క్ దాకా కొట్టుకొచ్చే పిల్లలు చలికాలానికి చచ్చిపోయేది అందుకే. సముద్రం వేడెక్కేకొద్దీ ఆ హద్దు ఉత్తరానికి జరుగుతుందన్నదే భయం.

పూర్తిగా ఏరేయడం ఇక అయ్యే పని కాదు. అయితే ఓ హద్దుకు తగ్గిస్తే చాలు, స్థానిక చేపలు మళ్లీ పెరుగుతాయని 2014 నాటి అధ్యయనం తేల్చింది. అందుకే ఫ్లోరిడాలో చేతి ఈటె, చేతివలలాంటి వాటితో దీన్ని పట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, ఇన్నే పట్టాలన్న లెక్కా లేదు. పోటీలు పెట్టి మరీ పట్టిస్తున్నారు. 18 ముళ్లలో విషం ఉన్నా, అవి తీసేస్తే మాంసం రుచిగా ఉంటుంది.

కాబట్టి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చేపల్ని కొన్న షాపునే అడుగుదాం, లేదా పెంచుకునే మిత్రులకిద్దాం. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లు 'ఎగ్జాటిక్ పెట్ ఆమ్నెస్టీ' పథకం కింద పైసా ఖర్చు లేకుండా అప్పగించవచ్చు. నీళ్లలో మాత్రం వదలొద్దు!