హెన్రీ ఒసియన్ ఫ్లిప్పర్

హెన్రీ ఒసియన్ ఫ్లిప్పర్ (1856 మార్చి 21 - 1940 ఏప్రిల్ 26) అమెరికా సంయుక్త రాష్ట్రాల సైనికాధికారి, ఇంజనీరు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుండి పట్టభద్రుడైన మొట్టమొదటి నల్లజాతీయుడు. 1882లో సైన్యం నుండి తొలగించబడిన ఇతనికి, మరణించిన 59 సంవత్సరాల తరువాత అధ్యక్షుని క్షమాభిక్ష లభించింది.

బాల్యం, విద్య

ఫ్లిప్పర్ జార్జియా రాష్ట్రంలోని థామస్‌విల్‌లో బానిస కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఫెస్టస్ చెప్పులు కుట్టే వృత్తిలో ఉండేవాడు. అంతర్యుద్ధానంతరం బానిసత్వం రద్దు కావడంతో హెన్రీకి చదువుకునే అవకాశం కలిగింది. అట్లాంటా విశ్వవిద్యాలయంలో చదువుతుండగా 1873లో వెస్ట్ పాయింట్‌లో ప్రవేశం లభించింది. అంతకు ముందే కొందరు నల్లజాతి విద్యార్థులు అక్కడ చేరినా ఎవరూ చదువు పూర్తి చేయలేకపోయారు. తోటి విద్యార్థుల బహిష్కరణను నాలుగేళ్ళు ఓర్చుకుని ఫ్లిప్పర్ 1877లో 76 మందిలో 50వ స్థానంతో ఉత్తీర్ణుడయ్యాడు. ఆ అనుభవాలను 1878లో పుస్తకంగా ప్రచురించాడు.

సైనిక జీవితం

నల్లజాతి సైనికులతో కూడిన 10వ అశ్విక దళంలో సెకండ్ లెఫ్టినెంట్‌గా చేరాడు. ఫోర్ట్ సిల్ వద్ద నిలువనీరు మలేరియాకు కారణమవుతుండగా, ఆ నీటిని తరలించే కాలువను రూపొందించాడు. ఆ కాలువకు 'ఫ్లిప్పర్స్ డిచ్' అనే పేరు స్థిరపడింది. 1880లో అపాచీ నాయకుడు విక్టోరియోపై జరిగిన దండయాత్రలో పాల్గొన్నాడు.

విచారణ, తొలగింపు

టెక్సాస్‌లోని ఫోర్ట్ డేవిస్‌లో ఆహార సామగ్రి, దాని సొమ్ము ఫ్లిప్పర్ బాధ్యతలో ఉండేవి. 1881లో లెక్కలలో సొమ్ము తక్కువైనట్లు గుర్తించిన ఫ్లిప్పర్, ఆ సంగతిని పై అధికారి కల్నల్ విలియం షాఫ్టర్‌కు తెలియనీయకుండా దాచి, అసత్యం చెప్పాడు. తరువాత మిత్రులు, పట్టణవాసులు సాయపడగా లోటు పూడ్చబడింది. సైనిక న్యాయస్థానం సొమ్ము అపహరించాడన్న ఆరోపణ నుండి అతనిని విముక్తుని చేసింది. కాని అధికారికి తగని ప్రవర్తన అనే నేరం రుజువైనట్లు తీర్పు చెప్పింది. 1882 జూన్ 30న ఉద్యోగం నుండి తొలగించబడ్డాడు. ఇటువంటి తప్పులే చేసిన తెల్లజాతి అధికారులకు అంతటి శిక్ష పడలేదు.

తరువాతి జీవితం

అటుపిమ్మట ఫ్లిప్పర్ నైరుతి అమెరికాలోను, మెక్సికోలోను సర్వేయరుగా, గనుల ఇంజనీరుగా పనిచేశాడు. స్పానిష్ భాషలో ప్రావీణ్యం సంపాదించి, స్పెయిన్, మెక్సికో భూచట్టాలను ఆంగ్లంలోకి అనువదించాడు. 1898 నుండి తన పదవి పునరుద్ధరణకై కాంగ్రెసులో బిల్లులు పెట్టించినా అవి ఆమోదం పొందలేదు. 1940లో అట్లాంటాలో మరణించాడు.

పునర్విచారణ

1976లో సైన్యపు రికార్డుల సవరణ మండలి అతనికి విధించిన శిక్ష మితిమీరిన కఠినమైనదని, అన్యాయమైనదని భావించి, తొలగింపును గౌరవప్రదమైన విడుదలగా మార్చింది. అయితే నేర నిర్ధారణను రద్దు చేసే అధికారం ఆ మండలికి లేదు. 1978లో ఫ్లిప్పర్ అవశేషాలను స్వస్థలమైన థామస్‌విల్‌కు తరలించి ఖననం చేశారు. 1999 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు బిల్ క్లింటన్ క్షమాభిక్ష ప్రకటించాడు. మరణానంతరం ఒక వ్యక్తికి అమెరికా అధ్యక్షుడు క్షమాభిక్ష ఇవ్వడం అదే ప్రథమం.