సీజర్ బొమ్మల్లోకి వచ్చాడు.. మరి అర్జునుడు?

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఏంటని బెజవాడ కాలేజీల్లో చదివినవాళ్లను అడిగి చూడండి. చాలామంది సంస్కృతమనే అంటారు. ఎందుకంటే మార్కులు పడతాయి కాబట్టి! నేనూ ఆ బ్యాచే. తొంభై పైనే వచ్చాయి. కానీ ఈరోజు 'బస్సెక్కుతున్నా' అని సంస్కృతంలో చెప్పమంటే నోరు పెగలదు.

యూరప్ పిల్లలకు ఇదే తిప్పలు లాటిన్‌తో. క్రీ.పూ. 58 నుంచి గాల్ దేశం (ఇప్పటి ఫ్రాన్స్, చుట్టుపక్కల) మీద చేసిన యుద్ధాలను జూలియస్ సీజర్ స్వయంగా రాసుకున్నాడు. తరతరాలుగా లాటిన్ క్లాసులో అదే పాఠం.

జర్మనీలో ఓ లాటిన్ మాస్టారు వేరే దారి పట్టారు. పేరు కార్ల్-హైన్జ్ ఫాన్ రోథెన్‌బుర్గ్. కలంపేరు రుబ్రికాస్టెల్లానుస్, అంటే 'ఎర్రకోటవాడు'. ఇంటిపేరునే లాటిన్ చేసేసుకున్నారన్నమాట! రోమన్లను ఆటపట్టించే ఆస్టెరిక్స్ కామిక్స్‌ను 1973 నుంచి లాటిన్‌లోకి తెచ్చారు. తర్వాత సీజర్ రాసిన యుద్ధాన్నే లాటిన్ కామిక్‌గా చేశారు.

బొమ్మలుంటే ఏం లాభం? సైనికుడు ఈటె విసురుతున్నాడు. అక్కడ ఈటె 'పీలుమ్'. అదే ఈటెతో శత్రువును పొడిస్తే 'పీలో'. మన విభక్తుల లెక్కే. 'అర్జునః బాణం ముంచతి' అంటే బాణాన్ని వదులుతున్నాడు. 'బాణేన హంతి' అంటే బాణంతో చంపుతున్నాడు. రెండు బొమ్మలు చూస్తే ద్వితీయకీ తృతీయకీ తేడా తెలిసిపోతుంది. మేమేమో 'రామః రామౌ రామాః' అని బట్టీ కొట్టాం. అది పరీక్ష హాల్ గేటు దాటగానే ఆవిరైపోయింది.

మనకిది కొత్తేం కాదు. 1947 జులైలో నాగిరెడ్డి, తెనాలి వాసి చక్రపాణి మొదలుపెట్టిన 'చందమామ' 1980ల్లో సంస్కృతంలోనూ వచ్చింది. బొమ్మ చూస్తూ కథ చదువుకునే వీలుండేది. ఇప్పుడా పత్రిక లేదు. 2020లో 'పుణ్యకోటి' అనే సంస్కృత యానిమేషన్ సినిమా వచ్చింది, ఇళయరాజా సంగీతంతో. అంటే పని అయ్యేదే.

బొమ్మలు కదిలించడానికి ఇప్పుడు ల్యాప్‌టాప్ చాలు. అసలు కష్టం డైలాగులది. ఇంటర్ పిల్లాడికి అందేంత చిన్నగా ఉండాలి, వ్యాకరణం తప్పకూడదు. అలా రాయగల సంస్కృతం మాస్టార్లు మన కాలేజీల్లోనే ఉన్నారు. కాలేజీలు మాత్రం వాళ్లచేత ఇంపార్టెంట్ క్వశ్చన్లే చెప్పిస్తున్నాయి.