సూది భయానికి కరాటే ఊపిరి

సికింద్రాబాద్ : పొద్దుటి రైళ్లలో ఇక్కడి స్టేషనులో దిగేవారిలో, బిడ్డను భుజాన వేసుకుని ఆసుపత్రి కాగితాల సంచీతో వచ్చే తల్లిదండ్రులు రోజూ కొందరుంటారు. రక్త క్యాన్సర్ పిల్లలను తెచ్చినవారు ఇక్కడి నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి దారి అడుగుతారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఖర్చు భారం కొంత తగ్గింది. తగ్గనిది సూది భయం.

పిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌కు వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. నరానికి సూది, వెన్నులోకి సూది, మళ్లీ మళ్లీ. ఏ ఆసుపత్రిలోనైనా తెల్లకోటు కనబడగానే బిడ్డ కేకలు పెడతాడు. ముగ్గురు నలుగురు కలిసి కాళ్లూ చేతులూ అదిమి పట్టుకోవాలి. చూడలేక తల్లి బయటికి పోతుంది. కాస్త తేరుకోగానే ‘నయమైంది కదా, ఇంకా ఏడిపించడమెందుకు’ అని బిడ్డను ఊరికి తీసుకుపోయేవారున్నారు. వైద్యం మధ్యలో మానితే జబ్బు తిరగబెడుతుంది. అప్పుడు లొంగదీయడం కష్టం.

ఈ భయం మీద పనిచేసే విద్య ఒకటుంది. అది కరాటే. లేవలేని బిడ్డకు కరాటే ఏమిటని నవ్వవచ్చు. కాని అమెరికాలోని డెట్రాయిట్‌లో 1999లో ఇందుకోసమే ‘కిడ్స్ కికింగ్ క్యాన్సర్’ అనే సంస్థ పుట్టింది. స్థాపించినవారు ఎలిమెలెక్ గోల్డ్‌బర్గ్ అనే యూదు మతగురువు. ఆయన కూతురు రెండేళ్ల వయసులో, 1981లో, రక్త క్యాన్సర్‌తోనే పోయింది. ఆయన కరాటే వంటి కొరియా విద్యలో నల్లబెల్టు సాధించినవారు. క్యాన్సర్ పిల్లల వేసవి శిబిరం నడుపుతున్న రోజుల్లో, ఐదేళ్ల కుర్రవాడిని నర్సులు సూది కోసం అదిమి పట్టుకోగా చూసి ఆగమన్నారు. కరాటే నేర్చుకుంటావా అని కుర్రవాడిని అడిగి, ఊపిరితో నొప్పిని బయటికి ఎలా తోసేయాలో చూపారు. సూది తీసేశాక ఆ కుర్రవాడు తలెత్తి, ఇంకా గుచ్చలేదా అని నర్సును అడిగాడని గోల్డ్‌బర్గ్ చెబుతారు.

ఇందులో మంత్రమేమీ లేదు. భయపడితే గుండె దడదడలాడుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, బిగిసిన ఒంట్లో సూది మరింత నొప్పెడుతుంది. ముక్కుతో మెల్లగా పీల్చి, నోటితో అంతకంటె మెల్లగా వదిలితే గుండె నెమ్మదిస్తుంది, ఒళ్లు సడలుతుంది. ఊపిరి వదులుతూ పిడికిలి ముందుకు చాచడమే పాఠం. మంచం మీద పడుకుని కూడా చేయవచ్చు. తన్నులు, కుస్తీలు లేవు.

నేర్చుకున్న పిల్లల చేతనే పెద్దవాళ్లకు ఈ ఊపిరి నేర్పిస్తారు. అసలు కిటుకు ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. అందరూ అయ్యో అనే బిడ్డ ఒక్కసారిగా గురువవుతాడు.

మనకూ ఇది కొత్త కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తినాయుడు ఊపిరి బిగబట్టి ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకునేవారు. చివరి రోజుల్లో కాలు తీసేయవలసి వస్తే మత్తుమందు వద్దన్నారని నేటికీ చెప్పుకుంటారు. అది వస్తాదు మాట. పిల్లలకు మాత్రం మత్తుమందు, నొప్పి మందు ఏదీ మాన్పించరాదు.

పాఠానికి ముందూ తర్వాతా 64 మంది పిల్లలను నొప్పి ఎంతుందో చెప్పమని అడిగి, ఎక్కువమందికి తగ్గిందని 2016లో ఒక పరిశోధన ప్రకటించారు. అందులో ఆ సంస్థవారికీ పాలుంది కనుక కాస్త ఆచితూచి నమ్మాలి. కరాటే క్యాన్సర్‌ను నయం చేస్తుందని వారూ అనలేదు. ఎవరైనా అలా చెప్పి డబ్బు అడిగితే దూరం జరగండి.

ఇంకొక జాగ్రత్త. ఈ వైద్యంలో రక్తం గడ్డకట్టే కణాలు తగ్గిపోతుంటాయి. చిన్న దెబ్బకే లోపల రక్తం కారవచ్చు. ఊళ్లో సాముగరిడీలకో, పట్నంలో కరాటే క్లాసుకో డాక్టరును అడగకుండా పంపవద్దు. ఊపిరి పాఠానికి క్లాసు అక్కరలేదు. సూది నాటి ఉదయం కాక, వారం ముందే ఇంట్లో మొదలుపెట్టాలి. రోజుకు పది ఊపిరులు చాలు. బిడ్డకు పట్టుబడ్డాక ‘నాకూ నేర్పు నాయనా’ అని తాత అడగాలి. తప్పుచేస్తే బిడ్డ కసురుతాడు, కసరనివ్వండి. తర్వాత సికింద్రాబాద్ రైలెక్కినప్పుడు కిటికీ పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి చేయవచ్చు.